సీసపు గోలీలు, పోపు గరిటె

హైదరాబాదులో గోలీ అంటే మూడు. పిల్లలు ఆడుకునేదీ గోలీయే, జ్వరం వస్తే మింగేదీ గోలీయే, తుపాకీలోంచి వచ్చేదీ గోలీయే. 1975 ఎండాకాలంలో మా అన్న తయారు చేసినవి మొదటిదానికీ మూడోదానికీ మధ్యలో ఎక్కడో ఉండేవి. పాత సామాన్లు ఏరుకొచ్చి, కుంపటి మీద కరగబెట్టి, అచ్చులో పోసిన సీసపు గోలీలు అవి. పోసిన రోజు వెండిలా మెరిసేవి. రెండు రోజులయ్యేసరికి బూడిదరంగుకు తిరిగేవి. గులేరులో పెట్టి కొట్టడానికే వాటిని చేసేవాడు.

కాచిగూడలో, చప్పల్‌బజార్ వెనక గల్లీలో ఉండేవాళ్ళం. ఒకే పెద్ద ఇల్లు, ఐదు పోర్షన్లు, మధ్యలో బండలు పరిచిన వాకిలి, అందరికీ కలిపి ఒక నల్లా, ఒక వేపచెట్టు. అన్నకు పద్నాలుగేళ్ళు, నాకు పది. మా చెల్లికి రెండేళ్ళు నిండాయి.

గులేరు గురించి తెలియనివాళ్ళకు చెప్తాను. కోస్తా వైపు పంగలకర్ర అంటారనుకుంటాను. జామకొమ్మ పంగ ఒకటి, సైకిలు ట్యూబు నుంచి కోసిన రెండు రబ్బరు పట్టీలు, మధ్యలో రాయి పెట్టడానికి తోలు ముక్క. ఆ తోలు ముక్క మాకు చెప్పులు కుట్టే ఆయన ఊరికే ఇచ్చేవాడు. మా గల్లీలో పిల్లలందరి దగ్గరా గులేరు ఉండేది. గోడ మీద ఖాళీ డబ్బాలు వరుసగా పెట్టి కొట్టేవాళ్ళం. ప్రాణమున్నదాని మీదికి ఎత్తనని అన్న చేత మా నాయనమ్మ తులసికోట దగ్గర ఒట్టు పెట్టించింది. అన్న ఆ ఒట్టు ఎప్పుడూ తప్పలేదు.

అన్న బాధ వేరు. కంకర రాయి పెడితే వంకరగా పోయేది. మట్టి ఉండలు ఎండబెట్టి పెడితే తిన్నగానే పోయేవి కానీ డబ్బాకు తగలగానే పొడి అయ్యేవి. గాజు గోలీ వాడితే పగిలేది, అది డబ్బు ఖర్చు కూడా. "గుండ్రంగా ఉండాలి, బరువుండాలి, పగలొద్దు" అనేవాడు రాత్రి పక్క మీద పడుకుని. నేను నిద్రలోకి జారుకుంటూ ఊఁ కొట్టేవాణ్ణి.

ఆ ఏప్రిల్లో మా గల్లీ చివర నీళ్ళ పైపుల కోసం రోడ్డు తవ్వారు. పోత ఇనుము పైపులు. ఒక పైపు నోట్లో ఇంకో పైపు కొస దూర్చి, ఆ సందులో జనపనార తాడు కూరేవాళ్ళు. తర్వాత మట్టి మెత్తిన మోకు ఒకటి అతుకు చుట్టూ బిగించి, పైన మాత్రం చిన్న నోరు వదిలేవాళ్ళు. పక్కనే బొగ్గుల పొయ్యి మీద పెద్ద ఇనుప గిన్నె. అందులోంచి మేస్త్రీ పొడుగు కాడ గరిటెతో ఏదో తోడి ఆ నోట్లో పోశాడు. పాలలా పోశాడు, కానీ పాలలా చప్పుడు కాలేదు. బుడబుడమంటూ లోపలికి దిగింది. కాసేపటికి మోకు విప్పితే అతుకు చుట్టూ తెల్లటి కడియం! ఆ కడియాన్ని ఉలి పెట్టి సుత్తితో చుట్టూ కొడుతూ గట్టిగా దట్టించాడు. మేమిద్దరం ఆ గుంత ఒడ్డున ఎండలో ఎంతసేపు నిలబడ్డామో, అమ్మ వెతుక్కుంటూ వచ్చేదాకా తెలియలేదు.

పోసేటప్పుడు ఒలికిన చుక్కలు మట్టిలో పడి గట్టిపడేవి. ఒక్కొక్కటి ఒక్కో ఆకారం. అన్న వాటివైపే చూస్తున్నాడని మేస్త్రీ కనిపెట్టాడు. "సల్లారినాక తీస్కో బిడ్డా" అన్నాడు. అంతే. మొదటి రోజు మాకు దొరికింది గుప్పెడు సీసం. అరచేతిలో పెట్టుకుంటే దాని బరువు నమ్మబుద్ధి కాలేదు. కొలతలు తర్వాత తెలిశాయి గానీ, ఒక ఘన సెంటీమీటరు సీసం పదకొండు గ్రాములకు పైనే తూగుతుంది. మామూలు గాజు గోలీ నాలుగైదు గ్రాములుంటే, అదే సైజు సీసపు గోలీ ఇరవై గ్రాములుంటుంది. పదేళ్ళ పిల్లవాడికి ఆ లెక్క అక్కర్లేదు. చెయ్యి కిందికి లాగుతుంటే తెలిసిపోతుంది.

పైపుల పని వారంలో మా గల్లీ దాటి వెళ్ళిపోయింది. తర్వాత సీసం ఎక్కడిది? దానికి జవాబు కాచిగూడ స్టేషన్లో దొరికింది. 1916లో నిజాం కాలంలో కట్టిన ఆ స్టేషన్ గుమ్మటాలు, మినార్లు చూసి బయటి ఊళ్ళ వాళ్ళు ఏదో నవాబు మహల్ అనుకునేవాళ్ళు. అప్పట్లో మీటర్‌గేజి బండ్లు నడిచేవి. మాకు కావలసింది ముందు భాగం కాదు, పక్కన గూడ్స్ పట్టాల వైపు. సరుకు వ్యాగన్ల తలుపులకు తీగ కట్టి, ఆ తీగ కొసలకు పావలా బిళ్ళంత సీసం ముద్ద పెట్టి నొక్కేవాళ్ళు. సీలు. తలుపు తీసేటప్పుడు తీగ కత్తిరించేస్తే సీలు పట్టాల పక్కన కంకరలో పడిపోయేది. హమాలీలు మమ్మల్ని అదిలించేవాళ్ళు, మళ్ళీ చూసీ చూడనట్టు వదిలేసేవాళ్ళు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అన్న నిక్కరు జేబులు బరువుకు కిందికి జారేవి. ఒక చేత్తో నిక్కరు పట్టుకుని నడిచేవాడు.

ఆ సీళ్ళ మీద అక్షరాలు ఉండేవి. నొక్కిన ముద్ర. స్టేషన్ల గుర్తులో ఏమో, సగం చెరిగిపోయి ఉండేవి. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఈ ముద్ద అని నేను ఒక్కొక్కటీ వెలుగుకు పట్టుకుని చదవబోయేవాణ్ణి. అన్న తొందరపెట్టేవాడు. కరిగించడానికి నాకు మనసొప్పేది కాదు. రెండు సీళ్ళు దాచుకున్నాను కూడా. తర్వాత ఇళ్ళు మారినప్పుడు ఎక్కడో పోయాయి.

మధ్యాహ్నం రెండు గంటలకు అమ్మ చెల్లిని పక్కలో వేసుకుని నడుం వాల్చేది. అదే మా సమయం. పెరట్లో కుంపటి, పొద్దుటి బొగ్గులు, ఒక విసనకర్ర. కరిగించడానికి గిన్నె కావాలి. అన్న వంటింట్లోకి వెళ్ళి అమ్మ పోపు గరిటె తెచ్చాడు. ఇనుప గరిటె, పొడుగు కాడ. అమ్మ పుట్టింటి నుంచి, భువనగిరి నుంచి తెచ్చుకున్నది. వేలెడు లోతుండేది. ఇంతకంటే అనువైనది ఇంట్లో ఇంకేదీ లేదు.

సీసం కరగడం చూసినవాళ్ళు మర్చిపోరు. చాలాసేపు ఏమీ కాదు. నేను విసురుతూనే ఉండేవాణ్ణి, చేతులు నొప్పెట్టేవి. ఇక కరగదేమో అనుకుంటుండగా అడుగున ఉన్న ముక్క ఒకటి ఒరిగేది. చలికాలం నెయ్యి సీసా ఎండలో పెట్టినప్పుడు ముద్ద ఒరిగినట్టు. తర్వాత ఒకదాని వెనక ఒకటి కూలిపోయేవి. పైన బూడిదరంగు తెట్టు కట్టేది. అన్న పుల్లతో ఆ తెట్టును పక్కకు లాగితే కింద అద్దం! అందులో వేపకొమ్మలు, ఆకాశం, వంగి చూస్తున్న నా మొహం. రెండు క్షణాల్లో మళ్ళీ తెట్టు కమ్మేసేది.

"దగ్గరికి రాకు తమ్మీ" అనేవాడు అన్న. ఆవిరి పీల్చకూడదని తెలిసి కాదు, ఒళ్ళు కాలుతుందని.

దొరికిందల్లా కరిగించి చూశాడు ఆ వేసవిలో. అన్న లెక్కల నోట్‌బుక్కు వెనక పేజీలో రాసుకున్నది నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది: "సీసం – తొందరగా. టార్చి సెల్లు డబ్బా – ఆలస్యం, బొగ్గు ఎర్రగా ఉండాలి, పోస్తే పెళుసు. పేస్టు ట్యూబు – కరగదు." తర్వాత చదువుకున్నాం. సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది, సెల్లు డబ్బాలోని జింకు 420 దగ్గర, పేస్టు ట్యూబు అల్యూమినియం 660 దగ్గర. ఆ మూడు అంకెలూ తెలియకుండానే అన్న వాటిని సరైన వరుసలో రాశాడు. ఆ పేజీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

గుండ్రంగా పోయడం మాత్రం అంత సులువు కాలేదు. మొదట తడి ఇసుకలో గాజు గోలీ నొక్కి ఆ గుంటలో పోశాం. కింద గుండ్రం, పైన చదును. సగం గోలీ. అది గులేరులోంచి వదిలితే గిరికీలు కొట్టుకుంటూ పోయేది. తర్వాత ఎత్తు నుంచి నీళ్ళ బకెట్లోకి చుక్కలు చుక్కలుగా వదిలి చూశాం. నీళ్ళలో సుయ్యిమంటూ పడ్డవి తీసి చూస్తే అన్నింటికీ తోకలు! కప్పపిల్లల్లా ఉన్నాయని నేను నవ్వితే అన్నకు కోపం వచ్చింది. కానీ ఆ ఆలోచన తప్పు కాదు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో విలియం వాట్స్ అనే ఆయన 1782లో పేటెంటు తీసుకున్నది సరిగ్గా ఈ పద్ధతికే. చాలా ఎత్తయిన బురుజు మీది నుంచి జల్లెడలో కరిగిన సీసం పోస్తే, పడుతూ పడుతూ గాలిలోనే గుండ్రంగా మారి గట్టిపడి కింద నీళ్ళలో పడేది. వేటతుపాకీ రవ్వలు చాలాకాలం అలాగే చేశారు. మేము వదిలింది గోడ ఎత్తు నుంచి. గుండ్రం కావడానికి ఆ చుక్కకు సమయమే చాలలేదు. ఈ సంగతి నాకు నలభై ఏళ్ళు దాటాక తెలిసింది. ఆ రాత్రే అన్నకు ఫోన్ చేసి చెప్పాను. "చూసినవా, ఎత్తు చాలలేదు" అన్నాడు వెంటనే, నిన్న జరిగినట్టు.

చివరికి కుదిరింది ఇటుకల సాంచా. అన్న అచ్చు అనేవాడు కాదు, సాంచా అనేవాడు, మా గల్లీలో అందరూ అదే మాట. రెండు మెత్తటి ఇటుకలను ఒకదానిమీద ఒకటి పెట్టి సందు లేకుండా అరిగేదాకా రుద్దాడు. రెండింట్లోనూ సగం సగం గుంట తొలిచి, గాజు గోలీ పెట్టి తిప్పి తిప్పి నున్నగా చేశాడు. పోయడానికి పైన చిన్న కాలువ. దానికి నాలుగు రోజులు పట్టింది. అన్నం తింటూ కూడా ఇటుక పొడి అంటిన గోళ్ళే చూసుకునేవాడు.

మొదటి నిండు గోలీ సాంచాలోంచి ఊడి బండ మీద పడిన చప్పుడు నాకు గుర్తుంది. గాజు గోలీ టక్కుమంటుంది, ఎగురుతుంది. ఇది దబ్ అని పడి అక్కడే ఉండిపోయింది. అన్న దాన్ని తీసి చెవి దగ్గర, చెంప మీద పెట్టుకున్నాడు. ఇంకా వెచ్చగా ఉంది.

జూన్‌లో మొదటి వాన పడ్డ మర్నాడు సాంచా పేలింది. ఇటుకలు పెరట్లోనే ఉండిపోయాయి రాత్రంతా. పొద్దున పైకి ఎండినట్టే కనిపించాయి. అన్న పోయగానే లోపల్నించి బుస్సుమని వచ్చి, పోసిన సీసమంతా చిమ్మింది. అన్న కుడి పాదం మీద, చీలమండ దగ్గర పడింది. నా మీద పడలేదు, ఎందుకంటే అంతకు ముందే నన్ను వెనక్కి నెట్టాడు. అరవలేదు. పెదవి కొరుక్కుని నల్లా కింద కాలు పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మకు, స్కూటరు సైలెన్సరు తగిలిందని చెప్పాం. అమ్మ బర్నాల్ పూసింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, చింతగింజంత.

దానితో ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఇటుకలు కుంపటి మీద బాగా కాచి మళ్ళీ మొదలుపెట్టాం. ప్రతిసారీ పని అయ్యాక గరిటెను బూడిద, చింతపండు వేసి తోమి, ఎప్పటి మేకుకే తగిలించేవాళ్ళం. సాయంత్రం అమ్మ అందులోనే చారుకు పోపు పెట్టేది.

ఈ వాక్యం రాయడానికి నాకు చాలా కాలం పట్టింది.

బయటపడింది ఒక బిందె వల్ల. సాయంత్రం నల్లా వచ్చే వేళకు బిందెలన్నీ వాకిట్లో వరుసలో ఉండేవి. ఇంటి ఓనరు పెద్దమ్మది ఇత్తడి బిందె, అందరికంటే ముందు. అన్న గోడ మీది డబ్బాకు గురిపెట్టాడు. గోలీ డబ్బాను దాటి, గోడకు తగిలి, తిరిగొచ్చి బిందెకు కొట్టింది. గుడిగంట మోగినట్టు మోగింది. బొటనవేలంత లోతు సొట్ట. పెద్దమ్మ అరవలేదు. బిందె తెచ్చి మా గుమ్మం ముందు పెట్టి, ఆ పక్కనే గోలీ పెట్టి, వెళ్ళిపోయింది. అరిచి ఉంటే బాగుండేదని అన్న ఆ రాత్రి అన్నాడు.

నాన్న కళాయి చాచాను పిలిపించాడు. రెండు మూడు నెలలకోసారి మా గల్లీకి వచ్చేవాడు. తెల్ల గడ్డం, గళ్ళ లుంగీ, భుజాన తోలు తిత్తి. నేలలో చిన్న గుంత తవ్వి, తిత్తి గొట్టం అందులోకి పెట్టి, బొగ్గు రాజేసేవాడు. గిన్నె బాగా వేడెక్కాక నవాసారం చల్లేవాడు. తెల్లటి పొగ లేచి ముక్కు మండేది. తగరపు కడ్డీని గిన్నెకు ఒక్కసారి ఆనించి, దూది ఉండతో గిర్రున తుడిచేవాడు. నల్లగా, పచ్చగా ఉన్న గిన్నె లోపలంతా ఒక్క క్షణంలో వెన్నెల పరచుకున్నట్టు అయ్యేది. ఆ దృశ్యం కోసం గల్లీ పిల్లలందరం చుట్టూ చేరేవాళ్ళం. ఇప్పుడు స్టీలు గిన్నెల కాలంలో పిల్లలకు దాన్ని ఎలా చూపించను?

చాచా ముందు సొట్ట తీశాడు. లోపల గుండ్రటి కర్ర పెట్టి, బయట చెక్క సుత్తితో మెల్లగా, నిద్రపోయేవాణ్ణి లేపినట్టు. అయ్యాక గోలీ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ఎవరు పోశారని అడిగాడు. నాన్న అన్నవైపు చూశాడు. చాచా అన్న భుజం తట్టి, "అచ్ఛా సాంచా బనాయా" అన్నాడు. అన్న మొహంలో భయం పోయి వెలుగు వచ్చింది. తర్వాత, దేంట్లో కరిగించావని అడిగాడు.

అన్న నిజమే చెప్పాడు.

చాచా లేచి నిలబడ్డాడు. "అమ్మా, ఆ గరిటె తే" అన్నాడు తెలుగులో. అమ్మ తెచ్చింది. గరిటె లోపల అంచు వెంబడి సన్నగా తెల్లటి మెరుపు ఉంది. మేము ఎంత తోమినా పోనిది. చాచా గోరుతో గీరి చూశాడు. "నక్కో అమ్మా. ఇది సీసం. జహర్. ఇందులో పులుపు పోస్తే కడుపులోకి పోతది. పిల్లలకు మంచిది గాదు." అమ్మ ఏమీ అర్థం కానట్టు నిలబడింది. ఆమె చంకలో మా చెల్లి ఉంది.

అప్పుడు చాచా తన సంచిలోంచి తగరపు కడ్డీ ఒకటి తీసి అన్న చెవి దగ్గర పెట్టి వంచాడు. నేనూ దగ్గరికి జరిగాను. కిర్రుమని సన్నటి చప్పుడు. ఎండిన కొమ్మ విరిగేముందు వచ్చేలాంటిది, కానీ కడ్డీ విరగలేదు. తర్వాత మేము పోసిన సీసంలోంచి పొడుగ్గా ఉన్న ముక్క ఒకటి తీసి వంచాడు. ఏ చప్పుడూ లేదు. "రాంగా రోతా, సీసా గూంగా" అన్నాడు. తగరం ఏడుస్తుంది, సీసం మూగది. కళాయిలో తగరం బదులు చవకగా వస్తుందని సీసం కలిపేవాళ్ళు ఉన్నారట. తన ఉస్తాదు అందుకే ఈ పరీక్ష నేర్పాడట, కొన్న ప్రతి కడ్డీనీ వంచి వినమని. ఇంకోటి కూడా చూపించాడు. సీసం ముక్కతో కాగితం మీద గీస్తే పెన్సిల్లా గీత పడింది.

తర్వాత గరిటెను బండ మీద పెట్టి సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టాడు. చదునైపోయింది. ఎవరూ మళ్ళీ వాడకుండా. అమ్మ ఆ రేకులాంటి గరిటెను తీసుకుని లోపలికి వెళ్ళింది. ఏడ్చిందో లేదో తెలియదు. బిందె సొట్టకు మాత్రమే డబ్బులు తీసుకుని చాచా తిత్తి భుజాన వేసుకున్నాడు.

నాన్న కొడతాడని అన్న, నేను ఆ సాయంత్రమంతా ఎదురుచూశాం. కొట్టలేదు. ఆదివారం పొద్దున ఇద్దర్నీ సైకిలెక్కించుకున్నాడు, అన్నను వెనక, నన్ను ముందు కడ్డీ మీద. ఆబిడ్స్ దాటి, ఫతేమైదాన్ దగ్గర ఒక పాత కట్టడం ముందు దింపాడు. మందమైన గోడలు, పెచ్చులూడిన సున్నం, ఎక్కడ చూసినా పిచ్చిమొక్కలు. "దీన్ని ఏమంటరో తెలుసా?" అన్నాడు. బ్యాంకులు, బస్సుల వాళ్ళు గన్‌ఫౌండ్రీ అంటారు. పాతవాళ్ళు తోప్ కా సాంచా అంటారు. రెండో నిజాం కాలంలో ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడ ఫిరంగులు, గుండ్లు పోయించాడు. ముస్లింలు ఆయన్ను మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రామ్ అన్నారు. మూసారాంబాగ్‌కు పేరు ఆయన వల్లే వచ్చింది. 1798లో పోయాడు. సమాధి మలక్‌పేట అవతల గుట్ట మీద ఉంది. ఇదంతా నాన్న చెప్పుకుంటూ పోతుంటే అన్న మధ్యలో ఒకే ఒక్క మాట అడిగాడు. "ఇక్కడ కూడా సాంచా అనే అన్నరా?"

నాన్న అవునన్నాడు. అన్న ఆ గోడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. తిరిగి వచ్చేటప్పుడు నాన్న సైకిలు తొక్కుతూ, మా ఇద్దరి మొహాలు చూడకుండా అన్నాడు: "నేర్చుకోవాలంటే నేర్పేవాళ్ళ దగ్గర నేర్చుకో. అమ్మ వంటింట్లో కాదు."

తర్వాత కథ త్వరగా చెప్తాను. పదో తరగతి అయ్యాక అన్న కాలేజీకి వెళ్ళనన్నాడు. ఐటీఐలో చేరి మోల్డరు పని నేర్చుకున్నాడు. బాలానగర్‌లో ఒక ఫౌండ్రీలో ముప్ఫై ఏళ్ళకు పైగా పోత పోశాడు. మోటారు బాడీలు, పంపు భాగాలు, కప్పీలు. అక్కడ కరిగిన ఇనుమును పదమూడు వందల డిగ్రీల పైన వేడిలో పోస్తారు. నేను ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. ఆ వేడికి గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

ఆ రోజు అన్న నాకు సాంచా ఇసుక పట్టి చూపించాడు. నల్లటి ఇసుక, పిడికిట్లో నొక్కితే ముద్దయ్యేంత తడి. "ఇందులో తడి ఉన్నది కదా అన్నా, మరి మనది ఎందుకు పేలింది?" అని అడిగాను. నవ్వాడు. ఇసుక రేణువుల మధ్య సందులుంటాయి, పైగా సన్న ఊచతో అక్కడక్కడ పొడిచి రంధ్రాలు పెడతారు. తడి ఆవిరై ఆ దారిన బయటికి పోతుంది. మేము రుద్ది రుద్ది సందు లేకుండా చేసిన ఇటుకల్లో ఆవిరి పోవడానికి దారి లేదు. పోత పోసిన కాలువలోంచే ఎదురొచ్చింది. "మరీ బాగా చేసిన సాంచా, అందుకే పేలింది" అన్నాడు. పాదం మీద మచ్చ చూసుకున్నాడు.

సీసం గురించి నేను చదవడం మొదలుపెట్టింది మాకు పిల్లలు పుట్టాక. శరీరంలో ఇంత సీసం ఉంటే ఫరవాలేదు అనే హద్దంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అన్నింటికంటే ఎక్కువ హాని ఎదిగే వయసు పిల్లల మెదడుకు. పెట్రోలులో సీసం కలపడం మన దేశంలో 2000 దాకా ఆగలేదు. అంటే మేము పెరిగిన రోజుల్లో కాచిగూడ చౌరస్తాలో పీల్చిన గాలిలో కూడా అదే ఉంది. అయినా నా మనసు ఆ గరిటె దగ్గరికే పోతుంది. మా చెల్లి బాగా చదువుకుంది, లెక్కల టీచరు అయింది. తనకేమీ కాలేదు. ఒకసారి ధైర్యం చేసి తనతో ఈ సంగతి చెప్పాను. "మీరిద్దరూ కూడా అదే చారు తిన్నారు కదా" అంది. అమ్మ దగ్గర మాత్రం మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. అమ్మ పోయాక ట్రంకుపెట్టెలో, పట్టుచీరల కింద, చదునైన ఆ గరిటె దొరికింది. గుడ్డలో చుట్టి, దారం కట్టి ఉంది.

మొన్న దసరాకు ముందు అన్న, నేను బేగంబజార్ వెళ్ళాం. అన్నకు అరవై దాటాయి. గిన్నెల దుకాణాల వరుసలో, ఇరుకు సందులో, ఒక పాత కొట్టు దగ్గర ఆగాడు. అక్కడ కళాయి సామాన్లు ఇంకా అమ్ముతున్నారు. నవాసారం, దూది, తగరపు కడ్డీలు. కొట్టతను కడ్డీ ధర చెప్పాడు. అన్న సరిగా వినలేదు, నావైపు చూశాడు. ఫౌండ్రీలో ఏళ్ళ తరబడి సుత్తుల మోత, గ్రైండర్ల మోత. సన్నటి చప్పుళ్ళు తన చెవులకు అందడం మానేసి చాలా కాలమైంది. నేను గట్టిగా చెప్పాను.

కడ్డీ కొన్నాడు. బయటికొచ్చాక, జనం నెట్టుకుంటూ పోతుంటే, మూసిన షట్టరు పక్కన నన్ను నిలబెట్టాడు. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని నా చెవి దగ్గర పెట్టి మెల్లగా వంచాడు. తర్వాత నా మొహంలోకి చూస్తూ అడిగాడు.

"ఏడ్చిందా తమ్మీ?"

"ఏడ్చింది అన్నా."

తల ఊపి, కడ్డీని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. జేబు ఒకవైపు కిందికి జారింది. ఒక చేత్తో పట్టుకుని ముందు నడిచాడు.